మూడేళ్ళ ముసలి కుడూ

ఆఫ్రికాలో ఒక పెద్ద అడవిలో, చెట్లు పలచబడి గడ్డి మొదలయ్యే చోట, జంతువులకు ఒక సభ ఉండేది. దానికి అధ్యక్షుడు దీర్ఘశృంగం గారు. ఆయన కుడూ, అంటే మెలికల కొమ్ముల పెద్ద జింక. గుమాస్తా చారలయ్య అనే జీబ్రా.

ఏటా వానలు వెనకపట్టాక మనుషులు వేటకు అతిథులుగా వచ్చి కొండకింద గుడారాలు వేసేవారు. వయసు మళ్ళిన మగ జంతువులనే కొట్టాలని వాళ్ళకు చట్టం. తలను గోడకు తగిలించుకునేవారు, మాంసాన్ని సాయంత్రం నిప్పుల మీద కాల్చుకు తినేవారు. అయితే ఆ ముసలివాటిని వెతుకుతూ మైదానమంతా తిరిగేసరికి తల్లులు, పిల్లలు బెదిరి చెల్లాచెదురయ్యేవి.

అందుకని దీర్ఘశృంగం గారే ఒక నియమం పెట్టించారు. పదేళ్ళు దాటిన మగవన్నీ కుంట దగ్గర మేయాలి, మిగతావి కొండ అవతల. ముసలితనంలో జాతికి ఇంతకన్నా చేయగలిగిన సేవ లేదని ఆయన గంటసేపు మాట్లాడితే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

నాలుగేళ్ళు బాగానే జరిగింది. ఐదో ఏడు ఆయనకే పదేళ్ళు నిండాయి.

ఆయన చారలయ్యను పిలిచి, రిజిస్టరులో తన వయసు తప్పు పడినట్టుంది, చూడమన్నారు. చారలయ్య చూసి మూడేళ్ళని దిద్దాడు. సంగతి తెలిసి కోరప్ప అనే ముసలి అడవిపంది మంచి దుంపలు పట్టుకొచ్చి నాలుగేళ్ళవాడయ్యాడు. వారం తిరిగేసరికి మైదానంలో ముసలివాళ్ళు లేరు. కుంట దగ్గర ఇంతమంది ఉండాలని లెక్క ఉంది కనుక, ఆ ఖాళీల్లో కుర్రవాళ్ళను వేశారు.

చెంగడు అనే ఇంపాలా జింకకు రెండో ఏడు నడుస్తోంది. తనకు పన్నెండేళ్ళని తాకీదు వస్తే సభకు పరుగెత్తాడు.

"నాకు కొమ్ములు జానెడు కూడా రాలేదండీ," అన్నాడు.

"కొమ్ములు సాక్ష్యం కావు. రిజిస్టరే సాక్ష్యం," అన్నాడు చారలయ్య.

"పోనీ మా అమ్మను అడగండి."

చారలయ్య పేజీ తిప్పాడు. "మీ అమ్మకు ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళ కొడుకు ఎలా పుట్టాడో ముందు ఆవిడ సంజాయిషీ ఇవ్వాలి."

తల్లి మీదికి వస్తుందని చెంగడు కుంట దారి పట్టాడు. ఆమె కొండ అంచుదాకా తోడొచ్చి, వాడి చెవులు నాకి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అతిథులు వచ్చారు. కుంట దగ్గర గడ్డిలో చెంగడు నిలబడ్డాడు. దారి చూపే మనిషి దుర్భిణిలో అటంతా చూసి, అన్నీ పిల్లకాయలే, కొట్టకూడదని చెప్పి, అతిథులను కొండ ఎక్కించాడు.

అవతల ముసలివాళ్ళందరూ ఒకేచోట మేస్తున్నారు. అంత సులువైన వేట ఆ మనిషి ఎన్నడూ ఎరగడు.

కోరప్ప బొరియలో దూరాడు. దీర్ఘశృంగం గారు మాత్రం కదల్లేదు. తనకు మూడేళ్ళని రాతపూర్వకంగా ఉందన్న ధైర్యం ఆయనది. ఒకే గుండు పేలింది.

ఆ సాయంత్రం గుడారాల్లో వంటవాడు మాంసాన్ని కాల్చాడు, లాభం లేక ఉడకబెట్టాడు. అతిథులు మర్యాదస్తులు, చాలాసేపు నమిలారు. కొమ్ములు మాత్రం అద్భుతమన్నారు.

మర్నాడు సభ సమావేశమై, మూడేళ్ళ పసిప్రాయంలో అధ్యక్షుల వారి అకాల మరణానికి తీవ్ర సంతాపం ప్రకటించింది. చెంగడు తన వయసు దిద్దమని మళ్ళీ అర్జీ పెట్టుకున్నాడు. సంతకం చేయవలసినవారు లేరని తిప్పి పంపారు. వాడు ఆ పూటే తల్లిని కూడా కుంట దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్కడ గడ్డి బాగుంటుంది, వేటా ఉండదు.

నీతి: అధికారం ఉన్నవాడు ఎప్పుడైనా పడుచువాడు కాగలడు, లేతవాడు మాత్రం కాలేడు.