వియ్యంకుల కర్కటక విజయం

ఏ ఊరి పాదాలను మహాసముద్రం ఎవరూ అడగకపోయినా నిత్యం కడుగుతూ ఉన్నదో, ఏ ఊరి శిథిల ప్రాకారాల మీద పూర్వకాలపు ఫిరంగులు నేడు కాకులకు పీఠాలై విరాజిల్లుతున్నవో, ఏ ఊరి ఇరుకు సందుల్లో శంఖాలు చెక్కే ఉలిచప్పుళ్ళూ లేసు అల్లేవారి కబుర్లూ కలగలిసి ప్రతిధ్వనిస్తున్నవో, ఆ పురాతన రేవుపట్టణంలో, ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి యాత్రికుల బట్టతలలను నిష్పక్షపాతంగా వేడిచేస్తున్న శుభవేళ, క్షుధార్తులైన నలుగురు మనుషులు సముద్రతీరాన ఉన్న ఒక హోటలు మెట్లెక్కారు. ఇద్దరు వీరులు, ఇద్దరు వారి భార్యలు. శ్రోతలారా, చెవులొగ్గండి.

మన కథానాయకుడు దర్జీ. సూచీధరుడు, కర్తరీపాణి, కాజాల సృష్టికర్త, ఊరివారి నడుములన్నీ కొలిచినా తన నడుము కొలత మాత్రం ఎవరికీ చెప్పని ధీరగంభీరుడు. ఎదుటి కుర్చీని అలంకరించినది అతని వియ్యంకుడు, రిటైరైన స్టేషన్ మాస్టరు. హరితారుణ పతాకధారి, ధూమశకట నియంత, తాను చెయ్యెత్తనిదే రైలు కదలదన్న కీర్తి గలవాడు.

ఈ మహానుభావులిద్దరి నడుమ కొన్ని నెలలుగా ఒక కోటు అడ్డుగోడై నిలిచి ఉంది. పిల్లల పెళ్ళికి వియ్యంకుడి కోసం దర్జీ స్వహస్తాలతో కుట్టిన కోటు అది. తీరా పెళ్ళివేళకు అది చంకల్లో పట్టేయగా, ఆ శకటనియంత రెండు చేతులూ సిగ్నల్ రెక్కల్లా పక్కలకు చాచుకునే వచ్చినవారందరినీ పలకరించవలసి వచ్చింది. నాటినుంచీ ఇద్దరికీ ముక్తసరి మాటలే. ఊరు చూసినట్టూ ఉంటుంది, మగవాళ్ళ మొహాలు విప్పారినట్టూ ఉంటుందని ఆడవాళ్ళిద్దరూ కూడబలుక్కుని ఈ యాత్ర పెట్టారు. కానీ పొద్దున కోటబురుజు ఎక్కి స్టేషన్ మాస్టరు, "ఇలాంటివి చాలా చూశాను లెండి" అన్నారు. లేసు వీధిలో దర్జీ, "మా షాపులో ఇంతకంటే సన్నపని జరుగుతుంది" అన్నాడు. అలా పోటీపడి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, మధ్యాహ్నానికి ఇద్దరూ దిగలేని ఎత్తుకు చేరారు.

"పీతలు బాగుంటాయండి, పొద్దున పట్టినవే," అన్నాడు సర్వరు.

"మీకు అలవాటేనా బావగారూ?" అని అడిగారు స్టేషన్ మాస్టరు.

దర్జీ ఈ జన్మలో పీతను బొమ్మల్లో తప్ప చూసి ఎరుగడు. అయినా మాట వెనక్కి పోనివ్వలేదు. "అలవాటేమిటండీ, ప్రాణం. మరి మీకో?"

"మా ఇంట్లో ఆదివారం వచ్చిందంటే అవే," అన్నారాయన మీసం సవరించుకుంటూ.

భార్యలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమకు వేపిన చేప తెమ్మన్నారు.

అంతట రెండు పళ్ళేలు ప్రవేశించాయి. అరుణకవచధారులు, దశపాదులు, ఉడికినా చూపు దించని నల్లకళ్ళవారు, రెండేసి కత్తెరలు సాచి పరుండిన సాగరదుర్గాధిపతులు వాటిలో కొలువుదీరి ఉన్నారు. కత్తెర పట్టి బతికినవాడి ఎదుట కత్తెరలతోనే పుట్టినవాడు నిలిచిన ఆ ఘడియలో దర్జీ గుండె ఒక్క కుట్టు తప్పింది.

'ఓరీ జలచరాధమా, నీ కవచానికి కాజా ఏది, బొత్తాం ఏది, లోపలికి దారి ఏది? సప్తసముద్రాలూ నీ పక్షాన నిలిచినా సరే, ఈ సూచీధరుడు వియ్యంకుడి ఎదుట వెనుదిరుగుట కల్ల' అని మనసులోనే గర్జించి, పైకి మాత్రం చిన్నగా దగ్గాడు.

"కానివ్వండి బావగారూ."

"మీరు కానివ్వండి."

"మీరు పెద్దవారు."

"పెద్దరికం తిండి దగ్గరెందుకు లెండి."

ఇక తప్పక దర్జీ చెంచాతో కవచమధ్యభాగాన్ని బలంగా నొక్కాడు. ఆ రణధీరుడు మసాలా మీద జర్రున జారి, బల్ల దాటి, స్టేషన్ మాస్టరు పళ్ళెంలో తన సోదరుని సరసన వాలాడు. ఆయన ఎంతో మర్యాదగా దాన్ని తిరిగి పంపించి, తన పీత మీద స్టీలు గ్లాసుతో ఒక్క దెబ్బ వేశారు. ఒక కత్తెర ఎగిరి ఆయన భార్య మంచినీళ్ళలో మునిగింది.

"తినండి, ఆడుకోకండి," అందావిడ, గ్లాసు పక్కకు జరుపుతూ.

అప్పుడే దర్జీ ఒక వింత గమనించాడు. తాను పీత కాలు పట్టుకుంటే ఆయనా కాలు పట్టుకుంటున్నారు. తాను తిరగేస్తే ఆయనా తిరగేస్తున్నారు. అనుమానం తీర్చుకోవడానికి దర్జీ పీతను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. ధూమశకట నియంత కూడా తన పీతను చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా ఊపారు.

"బావగారూ," అన్నాడు దర్జీ గొంతు తగ్గించి, "మీరెప్పుడూ పీత తినలేదు కదూ."

ఆయన పీతను చెవి దగ్గరనుంచి నెమ్మదిగా దించారు. "మా ఆవిడకు ఆ వాసన పడదు. ఇంట్లోకే రానివ్వదు. మరి మీరు?"

"నేను దీని మొహం చూడడం ఇవాళేనండి."

ముందు స్టేషన్ మాస్టరు పొట్ట కదిలింది, తరువాత భుజాలు, ఆ తరువాత కుర్చీ. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నవ్వు ఆగాక ఆయన తలవంచుకుని అన్నారు: "ఇంకో మాట. ఆ కోటులో తప్పు మీది కాదు. కొలతలిచ్చాక పెళ్ళి మిఠాయిలన్నీ రుచి చూసింది నేనే. లావయ్యానని చెప్పుకోలేక మీ మీద పెట్టాను."

దర్జీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మసాలా ఘాటు అని ఆయనకు చెప్పాడు. "అప్పుడే చెప్పాల్సింది బావగారూ. కుట్టు విప్పి రెండంగుళాలు వదిలేవాణ్ణి. పక్కకుట్టు విప్పడం ఎంతసేపు..."

కుట్టు అన్న మాట దగ్గర అతని నోరు ఆగిపోయింది. చూపు వెల్లకిలా పడి ఉన్న శత్రువు పొట్ట మీద నిలిచింది. అక్కడ, కవచం అంచున, జేబు మీద మడతలాగా ఒక చిన్న పలక అతుక్కుని ఉంది.

"కదలకుండా పట్టుకోండి. నేను విప్పుతాను."

స్టేషన్ మాస్టరు రెండు చేతులతో ఆ దుర్గాన్ని ఒడిసిపట్టి, "లైన్ క్లియర్," అన్నారు.

దర్జీ బొటనవేలి గోరు ఆ మడత కిందికి దూరింది. లాగాడు. చిరుగని బట్టను, తెగని దారాన్ని ఓర్పుతో లొంగదీసిన ఆ వేలి ముందు సాగరకవచం టప్పున విడివడింది. లోపల గదులు, గదుల్లో గోడలు. వెతకగా వెతకగా ఒక మూలన చిటికెనగోరంత తెల్లని మాంసం దొరికింది. దాన్ని దర్జీ, కొలిచినట్టుగా, సరిగ్గా మధ్యకు చీల్చాడు.

"ఎలా ఉంది?"

"నాలుక దాకా రాలేదు బావగారూ. పళ్ళ దగ్గరే దిగిపోయింది."

చతుస్సముద్రాలూ ఆలకించుగాక, దిక్కులు నాలుగూ మారుమోగుగాక: వియ్యంకులిద్దరూ ఏకమై ఒక పీతను జయించి, దాని సర్వస్వాన్ని చెరిసగం పంచుకుని, ఆకలి ఇసుమంతైనా తీరక, చొక్కాల నిండా మసాలాతో, తలలెత్తి, సర్వరును పిలిచి, అన్నం తెమ్మన్నారు.