భద్రయ్య లారీకి వచ్చిన రోగం

శుక్రవారం పొద్దున భద్రయ్య చేయదలచుకున్న పని ఒక్కటే: తన లారీ పాడు చేయడం.

పోలీసు చర్య ముగిసి రెండు వారాలయింది. సోమవారం ఎనిమిదింటికి లారీలన్నీ పరేడ్ మైదానానికి రావాలని సికిందరాబాదులో దండోరా వేశారు. మంచి బండ్లను మిలిటరీ ఉంచేసుకుంటుందని మెట్టుగూడలో అందరూ చెప్పుకున్నారు. భద్రయ్య కట్టెల అడితికి ఉన్నది ఆ ఒక్క పాత లారీయే. అది పోతే అడితి మూతే. అందుకని డ్రైవరు జకర్యా రాకముందే ఆయన బండి కింద దూరి, వెనక చక్రాల బ్రేకు నట్లను పానాతో బిగించాడు.

బేగంపేటలో కట్టెలు దించి వచ్చిన జకర్యా మొహం మాడ్చుకున్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చి ముందు చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద చిలకరించాడు. ఏమీ కాలేదు. వెనక డ్రమ్ముల మీద చిలకరిస్తే పెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి.

"బ్రేకులు పట్టుకుంటున్నయి సేట్."

"పాతబండి గదా, ముసలితనం వచ్చింది. ఇడిసిపెట్టు."

"ముసలితనమైతే ఒక చక్రానికొస్తది. రెండూ ఒక్కనాడే ముసలిగైతయా?"

జాకీ పెట్టి చక్రం తిప్పితే అరచుట్టు కూడా తిరగలేదు. జకర్యా కిందికి దూరి, నట్టు మీద కొత్త గీతలు చూసి బయటికొచ్చాడు.

"ఎవడో పానా పెట్టిండు. పదిహేను దినాల కింద ఈ చక్రాలిప్పింది మేస్త్రీ పర్వతాలే."

భద్రయ్య వద్దంటున్నా వినకుండా వెళ్లి, పర్వతాలును వాడి షెడ్డు ముందే పదిమందిలో నిలదీసి వచ్చాడు.

శనివారం పర్వతాలు పనిముట్ల పెట్టెతో దిగాడు. వాడి వెనకే వీధంతా నడిచి వచ్చింది.

"నా చెయ్యి పడ్డ బండి గిట్ల కాలుతదా? గీ మాట పడ్డంక నేను ఊర్ల తిరగాల్నా?"

డ్రమ్ములు ఊడదీశాడు. స్ప్రింగులు మార్చాడు, బ్రేకు పట్టీలు గీకాడు, హ్యాండ్ బ్రేకు తీగ సరిచేశాడు. చక్రం ఒక్క తోపుకు పదకొండు చుట్లు తిరిగింది. వీధి లెక్కపెట్టింది.

"పైస సుత వద్దు పటేలా. నా పేరు నిలబడితే సాలు."

"ఏమయ్యా, గంత మంచి పని జేస్తే మొహం గట్ల పెడ్తివేంది?" అంది భార్య అనసూయమ్మ, చాయ్ అందిస్తూ.

ఆదివారం భద్రయ్య పానా నడుముకు చెక్కుకొని బండి దగ్గరికి వెళ్లాడు. ప్రార్థన నుంచి తిరిగివచ్చిన జకర్యా చక్రం పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు.

"మళ్ల ఎవడన్న పానా పెడ్తడేమో. నేనుండంగ ఎవడొస్తడు? మీరు పోయి పండుకోండ్రి సేట్."

సోమవారం భద్రయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. బండి కదలగానే హ్యాండ్ బ్రేకు కడ్డీని నాలుగు పళ్లు పైకి లాగి, దాని మీద కండువా కప్పాడు.

"బండి గుంజుతలేదు సేట్. వాసనొస్తుంది. జెర ఆపుతా."

"ఆపకు. ఎనిమిదైతుంది."

మైదానం మలుపులో భద్రయ్య బ్రేకు దించేశాడు. అప్పటికి వెనక చక్రాల నుంచి పొగ లేస్తున్నది. మిలిటరీ మేస్త్రీ డ్రమ్ము మీద వేలు పెట్టి, వెంటనే తీసేశాడు. ఆఫీసరు చెప్పినదాన్ని గుమాస్తా తెలుగులో వినిపించాడు.

"మంచి బండ్లు మూడు దినాలు బియ్యం మోసి, కిరాయి తీసుకొని ఇండ్లకు పోతయి. రోగమున్న బండ్లు మిలిట్రీ వర్క్‌షాపుకు. బాగైనంక ఇస్తరు."

"ఎప్పుడు బాగైతయి?" అన్నాడు భద్రయ్య.

"బాగైనప్పుడు."

భద్రయ్య ఆఫీసరు ముందుకు పరుగెత్తాడు. "నా బండికి రోగం లేదు సార్! నేనే బ్రేకు లాగి పట్టుకున్న. మొన్న నట్లు బిగించింది సుత నేనే!"

జకర్యా కండ్లు నిండాయి.

"నమ్మకండ్రి సార్. డ్రైవరు నేను, తప్పు నాది. నా నౌకరి పోతదని మా సేట్ మీదేసుకుంటుండు."

గుమాస్తా ఆ మాటలు ఆఫీసరుకు వివరించాడు. ఆఫీసరు లేచి నిలబడి భద్రయ్యతో చెయ్యి కలిపాడు. ఇటువంటి యజమాని బండి అరకొరగా బాగు కాకూడదన్నాడు. నిదానంగా చూడమని చీటీ మీద రాయించాడు.

లేని రోగాన్ని కనిపెట్టడానికి వర్క్‌షాపుకు నలభై రెండు రోజులు పట్టింది.