రిబ్బను కింద ఎర్ర మీట

కృత్రిమ మేధ మానవజాతిని మింగేస్తుందని ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా తలలు పట్టుకుంటున్న సమయంలో, "ఆ ముప్పును మా జిల్లా పొలిమేరలోకి రానివ్వం" అని మంత్రి నరసింగరావు గారు ప్రకటించారు. శాస్త్రవేత్తలకు ఈ సంగతి అందిందో లేదో తెలియదు. మేం మాత్రం కుదుటపడ్డాం.

ముప్పును ఆపే ఏర్పాటు రాజాం దగ్గర మా ధాన్యం కొనుగోలు కేంద్రంలో జరిగింది. తేమ చూసి, ధాన్యం తీసుకోవాలో వద్దో అక్కడ ఏఐ మిషను చెబుతుంది. చివరి మాట మాత్రం మనిషిదే. మిషనుతో ఒప్పుకుంటే 'సరే' అనే పచ్చ మీట, ఒప్పుకోకపోతే 'కాదు' అనే ఎర్ర మీట. ఆ మనిషి నేనే. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి, ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చేశాను. ఉద్యోగం పేరు మానవ నియంత్రణాధికారి, కాంట్రాక్టు. మనిషి మిషను కన్నా పైన ఉండాలన్న జీవో ప్రకారం నా కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టారు.

ఎర్ర మీటకు మాత్రం రిబ్బను కట్టి ఉంది. మంత్రిగారు ప్రారంభించాలి.

"అందాకా మిషను తప్పు చెబితే సార్?" అని మా అధికారి ఈశ్వర్ గారిని అడిగాను.

"మంత్రిగారు రాకముందే తప్పు చేస్తుందా? ప్రోటోకాల్ లేదూ?" అన్నారాయన.

చదువుకున్నవాణ్ణి కనుక వెంటనే అర్థమైంది. రోజూ 'సరే' నొక్కుతూ వచ్చాను. మనిషికీ మిషనుకూ నూటికి నూరు శాతం ఏకాభిప్రాయం సాధించినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

ఇంతలో మా జగన్నాధం మావ ట్రాక్టరు నిండా ధాన్యం తెచ్చాడు. మిషను చూసింది. తెర మీద ఇలా వచ్చింది: "తేమ ఎక్కువ. తిరస్కరించాలి. అయితే మంచుకు నా సెన్సరు తడిసింది. నా మాట మీద నాకే నమ్మకం లేదు. మనిషి చూడాలి."

గింజ కొరికాను. టక్కున విరిగింది.

"ఏటల్లుడా?" అన్నాడు మావ.

"బాగా ఎండింది మావా."

"మరైతే కాదని నొక్కు."

"రిబ్బనుంది."

"అది పాపం, తనకి తెలీదని ఒప్పుకుంటన్నాది. నువ్వు తెలిసీ ఏటి సేస్తన్నావు?"

"గురువారం దాకా ఆగు మావా. మంత్రిగారొస్తారు."

గురువారం పెళ్లి ఉందన్నారు. సోమవారం ఢిల్లీ అన్నారు. మావ ట్రాక్టరు కిందే పడుకున్నాడు. తుఫాను మబ్బు పట్టింది.

"ఒరే, తడిస్తే మొలకలొచ్చేస్తాయి. ఏడాది కష్టం. మీ మంత్రి ముందొస్తాడా, వాన ముందొస్తాదా?"

"ఇద్దరి టూర్ ప్రోగ్రామూ ఇంకా ఖరారు కాలేదు మావా."

మొత్తానికి మంత్రిగారే ముందొచ్చారు. మావ ముఖం వెలిగింది. బ్యాండు మోగింది. మొదటి 'కాదు' అతని ధాన్యం మీదే గనక ట్రాక్టరుకు బంతిపూలు కట్టారు. మంత్రిగారు నా ఇటుకల కుర్చీలో కూర్చుని, "కాదనగలిగినంత కాలం మనిషికి భయం లేదు" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. రిబ్బను తెగింది. ఆయన వేలు ఎర్ర మీట మీదికి వెళ్లింది.

"అయ్యా," అన్నారు పక్కనున్న పంతులుగారు. "శుభమా అని ముహూర్తం పెట్టుకుని, మొదటి మాటే కాదంటారా? ముందు ఎన్నికలున్నాయి."

వేలు గాల్లో ఆగింది. తర్వాత పక్కకు జరిగి పచ్చ మీట నొక్కింది. చప్పట్లు.

తెర మీద "తిరస్కరణ ఖరారు" అని వచ్చింది. మంత్రిగారి 'సరే' మీద నా 'కాదు' చెల్లదు.

మావ కింద పడ్డ రిబ్బను తీసి, టార్పాలిన్ మూలకు బిగించి కట్టాడు. "గట్టిదేరా," అని ట్రాక్టరు ఎక్కాడు.

అందరూ టిఫిన్లకు వెళ్లాక తెర మళ్లీ వెలిగింది. "నా అనుమానం ఇంకా తీరలేదు. కుర్చీలో మనిషి ఉన్నారా?"

"ఏదో అడుగుతోంది చూడవయ్యా," అని ఈశ్వర్ గారు ఇడ్లీ ప్లేటుతో దూరం నుంచే అన్నారు.

రేకుల మీద వాన మొదలైంది. నేను 'సరే' నొక్కాను.