యజమాని జీతం

పొద్దున్నే బేకరీ యజమాని పెట్టుకున్నది ఒక్కటే పని. రొట్టెలు కాల్చే మాస్టరు ఈ దేశంలో పనిచేసేందుకు కావాల్సిన పర్మిట్ కాగితాలు, మధ్యాహ్నం పర్మిట్ ఆఫీసు కిటికీ మూసేలోపు ఇచ్చి రావాలి. బయటి దేశం వాళ్ల జీతం ఇంతకు తగ్గకూడదని కొత్త రూలు. తగ్గితే పెట్టె సర్దుకోవాల్సిందే. మాస్టరు పోతే బేకరీలో మిగిలేది పొయ్యి మాత్రమే. నోరు మూసుకుని జీతం పెంచి ఉత్తరం రాశాడు.

దాన్ని గల్లా దగ్గరున్న బావమరిది భుజం మీదుగా చదివేశాడు. ఇక్కడి పిల్లను చేసుకున్నాడు గనుక అతనికి పర్మిట్ గొడవ లేదు. క్రీమ్ బన్నులు తినడం తప్ప పనీ లేదు.

"ఏంటి బావా, మాస్టరుకి వాటా ఇచ్చేస్తున్నావా?"

"వాటా లేదు, బూడిదా లేదు. ఆ జీతం లేకపోతే వాణ్ణి ఉండనివ్వరు."

"అంటే నాకంటే వాడెక్కువ. అక్క ఉంటే ఇలా జరిగేదా?"

తమ్ముణ్ణి వదిలెయ్యొద్దని భార్య పోతూ పోతూ మాట తీసుకుంది. యజమాని పళ్లు నూరుతూ బావమరిదికీ పెంచి, సంతకం పెట్టిచ్చాడు.

బావమరిది పెరిగిన జీతం కాగితం ఊపుకుంటూ, ఈలవేసుకుంటూ బయటికి రావడం చూసి వ్యాన్ డ్రైవరు తన ఉద్యోగం ఊడిందనుకున్నాడు. వ్యాన్ తాళాలు తెచ్చి యజమాని బల్ల మీద పడేశాడు. "నన్ను తీసేసి ఆయనకి పెంచారా సార్? ముందే చెబితే పోయేది కదా!"

వ్యాన్‌లో రొట్టెలు చల్లారిపోతున్నాయి. డ్రైవరుకూ పెంచాడు. ఇదంతా ఎక్కణ్ణుంచి? తన జీతంలోంచే కోసుకున్నాడు. ఒంటి మనిషికి ఎంత కావాలి?

మాస్టర్ని వెంటబెట్టుకుని వెళ్తే, ఆఫీసు కిటికీలో గుమాస్తా అతని కాగితం మీద ముద్ర గుద్దింది. తర్వాత బేకరీ జీతాల పట్టీ చూసి కళ్లజోడు పైకి తోసింది.

"మీ పర్మిట్ గడువూ ఈ నెలే. మీ జీతం చాలదండీ."

"నేను యజమానినమ్మా!"

"రూలుకి మీరూ బయటి దేశం ఉద్యోగే. పోనీ పెంచుకోండి. కానీ జీతాలన్నీ కలిపి బేకరీ రాబడి దాటకూడదు. కిటికీ మూసే టైమైంది."

యజమానికి ముచ్చెమటలు పట్టాయి. డ్రైవరుకు ఫోన్ చేస్తే పాపం, పెంచింది వద్దన్నాడు. అయినా చాలలేదు. బావమరిదికి చేశాడు.

"సంతకం పెట్టిన కాగితం జేబులో ఉంది బావా. అయినా నీకెందుకు బెంగ? నువ్వు వెళ్లిపోతే కొట్టు చూసుకోడానికి నేను లేనూ?"

యజమాని ఫోన్ వంక చూశాడు. పక్కనే మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "గల్లా కూడా నేనే చూసుకుంటానండీ."

గుమాస్తా కిటికీ తలుపు సగం దించింది. యజమాని ఆ సందులోంచే చెయ్యి దూర్చి తెల్లకాగితం అడిగాడు. బావమరిది ఉద్యోగం రద్దు చేసి, ఆ జీతం తన పేర రాసుకున్నాడు. ముద్ర పడింది. తలుపూ పడింది.

"అక్కకిచ్చిన మాట ఏమైంది బావా?" అని బావమరిది సాయంత్రం బేకరీలో గోల పెట్టాడు.

"నేను వదిలెయ్యలేదురా. రూలు వదిలించింది."

ఆ రోజు అద్దాల బీరువాలో క్రీమ్ బన్నులు మొదటిసారి మిగిలాయి.