పాషా తినాల్సిన ముద్ద

పాషా ప్రభువు కోసం నెలల తరబడి మేపిన బాతు, ఆయన రైలు వచ్చే రోజు ఉదయమే కనిపించకుండా పోయింది.

అంతవరకూ ఊరిపెద్ద దర్వీష్ ఆలోచన సులువుగానే ఉంది. నైలు పాయ పక్కనున్న తమ ఊరు కఫ్ర్ సనూరాలో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. ప్రభువును ఇంటికి పిలిచి బాతు వండి పెట్టాలి. ఆయన చేతులు కడుక్కునేటప్పుడు, పూడిపోయిన కాలువ తవ్వించమని అడగాలి.

"బాతే లేకపోతే ఇంకేం చూసి దిగుతాడయ్యా? నీ మీసాలు చూసా?" అన్నాడు మసీదు ఇమాం షేక్ బయ్యూమి, నలుగురూ వింటుండగా.

దర్వీష్‌కు రోషం వచ్చింది. అతిథి కాదనకుండా తినాలని ఆ ఊరి మగవాళ్లు వేసే ఒట్టే తనూ వేశాడు. "ఇవాళ ప్రభువు మా ఇంటి ముద్ద తినకపోతే నా పెళ్లానికి తలాక్. తలాక్. తలాక్."

"మూడూ విన్నాను. ఇక వెనక్కి తీసుకునేది లేదు," అన్నాడు ఇమాం తృప్తిగా.

వంటింట్లో ఉన్న ఆయన భార్య ఉమ్ రిజ్క్ కూడా వింది. ఆ ఊళ్లో కొడుకు పేరు కలిపి తల్లిని ఉమ్ అనీ, తండ్రిని అబూ అనీ పిలుస్తారు. "ఏం అబూ రిజ్క్, ఇన్నేళ్ల కాపురాన్నీ తీసుకెళ్లి ఆయన కడుపులో పెట్టావా? ఆయనకు ఇవాళ అజీర్తి చేస్తే నేను పుట్టింటికి పోవాలా?"

"పాషాలకు అజీర్తి చెయ్యదులే."

ఆమె గూళ్లలోని పావురాలను దింపి, గోధుమలు కూరి కాల్చింది.

మధ్యాహ్నం ఒక ఇంజను, ఒకే ఒక పెట్టెతో వచ్చి ఆగింది. బంగారు బొత్తాల కోటుతో లావుపాటి మనిషి దిగాడు. డప్పులు మోగాయి. ఆయన నోరు తెరిచేలోపే నలుగురు భుజాల మీదికెత్తి దర్వీష్ ఇంటికి చేర్చారు.

"అయ్యా, నేను..."

"తిన్నాకే మాటలు," అంటూ దర్వీష్ ఆ తెరిచిన నోట్లోనే పావురం పెట్టాడు.

ఆ తర్వాత ఆయన అభ్యంతరం చెప్పలేదు. పావురాలన్నీ అయ్యాక మూతి తుడుచుకున్నాడు. "మీ ఇల్లు చల్లగుండాలి. ప్రభువు రైలు వెనకాల వస్తోంది. దారి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ముందొచ్చే బండికి నేను గార్డుని."

ఇమాం గొంతు సవరించుకుని, "అమ్మా, బట్టలు సర్దుకో," అన్నాడు.

దర్వీష్ తలెత్తలేకపోయాడు. ఆమె లేని సాయంత్రం ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు.

వంటింట్లోంచి జవాబు రాలేదు. దూరంగా రైలు కూత ఆగకుండా వినిపిస్తోంది. ఉన్నది ఒకటే పట్టాల దారి. గార్డు బండి అడ్డంగా ఉండటంతో ప్రభువు రైలు దాని వెనకే నిలిచిపోయింది. మిగిలిన రొట్టె, ఊరిన నిమ్మకాయ పళ్లెంలో పెట్టుకుని ఉమ్ రిజ్క్ అప్పటికే ప్రభువు పెట్టె కిటికీ కింద నిలబడి ఉంది.

పట్టుతెర తొలగింది. "ఎందుకు ఆగాం?"

"మీ గార్డు మా ఇంట్లో భోంచేస్తున్నాడు దొరా."

"ఏం పెట్టారు?"

"పావురాలు. మీ వంతుకు ఇదే మిగిలింది."

ప్రభువు నవ్వాడు. రొట్టె తుంచి నిమ్మకాయతో నంజుకున్నాడు. ఇంకోసారీ తుంచాడు.

గార్డు త్రేన్చుతూ పరుగెత్తి బండెక్కాడు. దర్వీష్ వగరుస్తూ వచ్చేసరికి రైళ్లు రెండూ కదిలిపోతున్నాయి.

"తిన్నాడు. ఇంకా నేను నీ పెళ్లాన్నే," అంది ఉమ్ రిజ్క్.

"ముద్ద మరీ చిన్నది," అని గొణిగాడు ఇమాం.

"ఒట్టులో కొలత చెప్పలేదుగా షేక్ గారూ."

దర్వీష్ పళ్లెం అందుకుని ఇంటిదాకా తనే మోశాడు. సగం దారిలో ఆగి, "కాలువ సంగతి అడిగావా?" అన్నాడు.

"నా కాపురం నేను అడిగి తెచ్చుకున్నా. కాలువ నువ్వు అడగాల్సింది."

సాయంత్రం బాతు దానంతటదే తిరిగొచ్చింది, కాలువలోంచి, కాళ్లనిండా దుమ్ముతో. కాలువ ఇంకా తవ్వలేదు.