అధ్యక్షులవారి కాలేయం

కొండవాగుకు ఇవతలి ఒడ్డున పరుచుకున్న ఒక పెద్ద అడవిలో ఎల్లమంద అనే ఎలుగుబంటి జంతుసభకు అధ్యక్షుడు. గొంతు పెద్దది, మనసు మెత్తన, ఇప్పసారా అంటే ప్రాణం. పొద్దున దొప్పెడుతో మొదలుపెట్టి సాయంత్రానికి కుండ ఖాళీ చేసేవాడు.

ఒకనాడు వాగులో ముఖం చూసుకుని హడలిపోయాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

వైద్యురాలు మంగతాయారుకు కబురు వెళ్లింది. ఆవిడ ముళ్లపంది. పట్నంలో మనుషుల ఆసుపత్రి కిటికీ కింద, పొదలో ఆరేళ్లు కూర్చుని పాఠాలు విన్నది. వస్తూనే ఎల్లమంద కుడి డొక్క కింద నొక్కి చూసింది.

"కాలేయం వాచిందండీ. మనిషిలో అయితే కిలోన్నర దాకా తూగుతుంది. కుడి భాగం పెద్దది, ఎడమది చిన్నది. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందు దాని దగ్గరికే పోవాలి. విషముంటే విరుస్తుంది, చక్కెర మిగిలితే దాచిపెడుతుంది. కొవ్వు అరగడానికి పైత్యరసం చేసి కిందనున్న తిత్తిలోకి పంపుతుంది. చచ్చిన రక్తకణాల్లోంచి వచ్చే పసుపును బయటికి తోలేదీ అదే. మీది తోలలేకపోతోంది. అందుకే కళ్లకు ఆ రంగు."

"మరి నొప్పి లేదేమమ్మా?"

"దానికి నోరెత్తే అలవాటు తక్కువండీ. చాకిరీ చేస్తూనే ఉంటుంది, తనకేమైందో చెప్పదు."

ఎల్లమంద కార్యదర్శి వైపు తిరిగాడు. కార్యదర్శి చలమయ్య, నక్క. "మన ఆఫీసులో అలాంటివాళ్లు ఉన్నారటయ్యా?"

"ఉండే ఉంటారండీ. పేర్లు తెలియవు."

"సారా మానేసి మూడు నెలలు విశ్రాంతి తీసుకోండి," అంది మంగతాయారు. "కొంత కోసి తీసేసినా మళ్లీ పెరిగే అవయవం అది. తెరిపి ఇస్తే కోలుకుంటుంది."

ఆవిడ వెళ్లగానే చలమయ్య చెవిలో చెప్పాడు. "మూడు నెలలు కుర్చీ ఖాళీగా ఉంటే ఇంకెవడో ఎక్కి కూర్చుంటాడండీ. మీ కళ్ల రంగు ఎవరికీ తేడాగా కనపడకపోతే చాలు. నాకొదిలేయండి."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ప్రతి జంతువూ ముఖానికి అడవిపసుపు దట్టంగా పూసుకోవాలి. పసుపు ఆరోగ్య లక్షణం. దాన్ని జబ్బు అన్నవాళ్లకు వాగవతలకు బహిష్కారం.

జింకలు పూసుకున్నాయి, కుందేళ్లు పూసుకున్నాయి, కోతులు తోకలకు కూడా పూసుకున్నాయి. ఎల్లమంద ఎటు చూసినా పసుపే. "అందరూ నాలాగే ఉన్నారు కదా! నాకేం రోగం?" అని ఇంకో కుండ తెప్పించాడు. రోజూ అడుగున మిగిలింది చలమయ్య తాగేవాడు.

నెల తిరిగేసరికి ఎల్లమంద పొట్ట ఉబ్బింది, మాట తడబడింది. సభలో లేచి, వాగు ఇకనుంచి కొండ పైకి పారాలని తీర్మానం పెట్టాడు. ఎవరికీ అనుమానం రాలేదు. పాత ప్రసంగాలకీ దీనికీ తేడా తెలియక చప్పట్లు కొట్టారు.

కానీ మెడలో దండ వేస్తుంటే అందులోని ముల్లు ఎల్లమంద అరచేతికి గుచ్చుకుంది. రక్తం ఎంతకీ ఆగలేదు. మంగతాయారు పరుగున వచ్చి ఆకు అదిమి పట్టుకుంది. "రక్తాన్ని గడ్డకట్టించే సరుకూ కాలేయమే చేయాలి. అది చేతులెత్తేసింది."

"బతుకుతానా తల్లీ?" అని అడిగాడు ఎల్లమంద.

"ఇవాళ్టి నుంచి చుక్క ముట్టకపోతే చూద్దాం."

ఆ గొడవ చూసి చలమయ్యకు బెదురు పుట్టింది. వాగులో ముఖం కడుక్కున్నాడు. చర్మం మీది పసుపు పోయింది. కళ్లది పోలేదు. వైద్యురాలి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆరోగ్యంగా ఉన్నారండీ," అంది మంగతాయారు.

"అదేమిటమ్మా! పచ్చగా ఉన్నాయిగా!"

"అందుకేగా. జబ్బంటే నన్ను వాగు దాటిస్తారు."

"ఆ ఉత్తర్వు రాసింది నేనే!"

"అయితే రద్దు చేయించండి."

చలమయ్య మోదుగాకు మీద రద్దు ఉత్తర్వు రాసి పట్టుకెళ్లాడు. మతి తప్పిన ఎల్లమంద దాన్ని తినేశాడు. రెండోదీ తినేశాడు. మూడోదాని మీద ఎలాగో పంజా ముద్ర పడింది. అప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి, గంజి తాగించి, మూడు నెలలు కాపాడింది మంగతాయారు.

చిక్కి సగమైనా, తెల్లటి కళ్లతో ఎల్లమంద సభకు వచ్చాడు. ఎదురుగా అన్నీ పసుపు ముఖాలే.

"ఉత్తర్వు రద్దయింది. ముఖాలు కడుక్కోండయ్యా," అన్నాడు.

ముసలి కుందేలు ఒకటి లేచి నిలబడింది. "ఇది మా తాతల నాటి ఆచారం. దాన్ని మంటగలిపే అధ్యక్షుడు మాకొద్దు!"

సభ ఏకగ్రీవంగా ఆయన్ను దింపేసింది.

నీతి: ఒక్కడికే వస్తే రోగం, ఉత్తర్వుతో అందరికీ వస్తే సంప్రదాయం.