రుక్కమ్మకు రక్త పరీక్ష

స్త్రీకీ పురుషుడికీ రక్తం ఒక్కటేనని మంత్రిగారు కోఠారి ఊళ్లో జరిగిన సభలో ప్రకటించారు. ఇన్నాళ్లూ వైద్య పరిశోధనలన్నీ మగవాళ్ల మీదే జరిగాయనీ, ఇకపై ఏ కొత్త మందైనా ముందు ఆడవాళ్లకేననీ సెలవిచ్చారు. రక్తం తక్కువైన ఆడవాళ్లకిచ్చే కొత్త టానిక్ పరిశోధనకు మా ఊరిని ఎంచుకున్నారు. మా సర్పంచి ఆడమనిషి కావడమే కారణం.

సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించే కొత్త చట్టం వచ్చాక రుక్కమ్మ గెలిచింది. కుర్చీలో ఆమె భర్త బాపయ్య కూర్చుంటాడు. సంతకమూ ఆయనే చేస్తాడు. భార్యకు ఏ శ్రమా కలగనివ్వడు.

చిన్న కూతుర్ని కన్నప్పటి నుంచి రుక్కమ్మ బిందె ఎత్తితే కళ్లు తిరిగి కూర్చుండిపోతోంది. చంద్రపూర్ నుంచి వచ్చిన డాక్టర్ హేమలత ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. రేపు బడి దగ్గర రక్త పరీక్షకు అందరికంటే ముందు నువ్వే రావాలంది.

అవి పత్తి ఏరే రోజులు. పొద్దున బడి ముందు లైనులో అందరూ మగవాళ్లే. ముందు బాపయ్య, చొక్కా చేయి మడిచి. ఇదేంటని హేమలత అడిగింది.

"ఆడోళ్లు పత్తికి పోయిండ్రు డాక్టరమ్మా. సంతకం నేనే పెడ్తున్న, మీటింగుకు నేనే పోతున్న. గీ సూది ఒక్కటి దానికెందుకు? నొస్తది."

ఆడవాళ్లను పిలిపిస్తే తప్ప సూది ముట్టనంది హేమలత. తాలూకా పెద్ద డాక్టరు ఆమెను పక్కకు తీసుకెళ్లి, రక్తం ఒక్కటేనని మంత్రిగారే చెప్పాక, ఆడదై ఉండి సమానత్వానికి అడ్డం పడటం బాగుండదని నచ్చజెప్పారు. తర్వాత సూది ఆయనే పట్టారు.

రుక్కమ్మ చేను వదిలి వచ్చేసరికి బాపయ్య బిస్కెట్లు తింటున్నాడు.

"నీది అయిపోయింది, పో" అన్నాడు.

సాయంత్రం మా ఊరి సభకు వచ్చి మంత్రిగారు ఫలితం చదివారు. మా ఊళ్లో ఒక్క ఆడమనిషికీ రక్తం తక్కువ లేదు. టానిక్ పెట్టెలు తిరిగి జీపెక్కాయి. అందరికంటే ఆరోగ్యవంతురాలు సర్పంచి రుక్కమ్మ. పేరు పిలవగానే ఆమె లేచింది, రెండడుగులు వేసి పడిపోయింది. సభ ఆలస్యం కాకూడదని బాపయ్య స్టేజీ ఎక్కి బహుమతి చీర అందుకున్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

హేమలత జీపు దగ్గరికి పరుగెత్తి ఒక్క సీసా ఇమ్మంది. ఎవరికని పెద్ద డాక్టరు అడిగారు.

"సర్పంచి రుక్కమ్మకు."

ఆయన స్టేజీ వైపు చూశారు. చీర భుజాన వేసుకుని బాపయ్య మంత్రిగారి పక్కన ఫోటోకు నిలబడి ఉన్నాడు.

"ఆమెకేం మేడం, నిక్షేపంగా ఉంది."